థింపూ దాటిన తరువాత

భూటాన్ రాజధాని థింపూ నగరంలో నేటికీ కూడళ్ళ వద్ద ఎర్రదీపాలు, పచ్చదీపాలు లేవు. నడిబజారులో రంగురంగుల చిత్రాలతో అలంకరించిన చిన్న మండపంలో ఒక పోలీసు నిలబడి, తెల్లని చేతితొడుగులతో, నాట్యముద్రల వంటి సంజ్ఞలతో వాహనాలను నడిపిస్తూ ఉంటాడు. మన దేశం నుంచి వెళ్ళే యాత్రికులలో చాలామంది ఆ పోలీసును ఫోటో తీసుకొని, కొండమీది బృహత్ బుద్ధవిగ్రహాన్ని దర్శించి, బజారులో నాలుగు వస్తువులు కొని, పారోలో ఒక పూట గడిపి వెనుదిరుగుతారు. భూటాన్ చూచి వచ్చామని చెప్పుకుంటారు. వారి మాట అబద్ధం కాదు. కాని అది పుస్తకానికి అట్ట చూచి వచ్చినట్లు.

నా వృత్తి అనువాదం. ఆంగ్లంలో భూటాన్‌ను గురించి వెలువడే వ్యాసాలలో తరచుగా కనిపించే మాట ‘షాంగ్రి-లా’. జేమ్స్ హిల్టన్ అనే ఆంగ్ల రచయిత 1933లో ‘లాస్ట్ హొరైజన్’ అనే నవలలో కల్పించిన ఊహాలోకం పేరు అది. అక్కడి మనుషులకు వార్ధక్యం త్వరగా రాదు, లోకంలోని కలత ఆ లోయను తాకదు. ఆ మాట ఎదురైనప్పుడల్లా ‘భూతల స్వర్గం’ అని తెనిగించి ముందుకు సాగిపోయేవాడిని. నిరుడు నవంబరు మాసంలో పదకొండు దినాలు ఆ దేశంలో తిరిగి వచ్చిన తరువాత, ఆ అనువాదం సరికాదని తెలిసివచ్చినది. స్వర్గంలో అగ్నిప్రమాదాలు, వరదలు, వలసలు ఉండవు. భూటాన్‌లో అవన్నీ ఉన్నాయి. వాటి నడుమ ఆ చిన్న దేశం తన్ను తాను నిలుపుకొనడానికి పడే పాటే అక్కడ చూడదగిన అసలు వింత. అది కనబడాలంటే థింపూ దాటి పోవాలి.

రోడ్డు లేని రోజులు

భూటాన్ వైశాల్యం 38,394 చదరపు కిలోమీటర్లు. అంటే నేటి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగవ వంతు కూడా లేదు. జనాభా ఎనిమిది లక్షల లోపు. ఉత్తరాన చైనా, మిగిలిన మూడు దిక్కులా భారతదేశం. ఇంత చిన్న దేశం రెండు మహాదేశాల నడుమ స్వతంత్రంగా నిలవడానికి ఒక కారణం, చాలాకాలం అక్కడికి దారి లేకపోవడమే.

1958లో మన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ భూటాన్ వెళ్ళినప్పుడు మోటారు మార్గం లేదు. ఆయన, కుమార్తె ఇందిర సిక్కిం నుంచి నాథులా కనుమ దాటి, టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా, గుర్రాలపై పారో చేరుకున్నారు. ఆ తరువాత మూడేళ్ళకు, 1961లో, మన సరిహద్దు రహదారుల సంస్థ ‘దంతక్’ అనే పేరుతో అక్కడ పని ప్రారంభించింది. బెంగాల్ అంచున ఉన్న ఫుంషోలింగ్ నుంచి థింపూకు సుమారు 170 కిలోమీటర్ల మార్గం 1962 నాటికి సిద్ధమైనది. అంతకు ముందు కాలినడకన, కంచరగాడిదలపై ఐదారు దినాలు పట్టిన ప్రయాణం ఇప్పుడు ఐదారు గంటలు. ఈ కొండలలో దారులు తొలిచే పనిలో నేటి వరకు దంతక్ సిబ్బంది వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

నేను ఆ మార్గాననే వెళ్ళాను. ఇటు జైగావ్, అటు ఫుంషోలింగ్. నడుమ ఒక గోడ, ఒక తోరణం. తోరణానికి ఇవతల హారన్ల మోత, సైకిల్ రిక్షాలు, అరుపులు. అవతల అడుగు పెట్టగానే ఎవరో చెవులు మూసినట్లు నిశ్శబ్దం. నన్ను కలుసుకొన్న డ్రైవరు ముప్పై ఏళ్ళు దాటని యువకుడు. మోకాళ్ళ వరకు వచ్చే ‘ఘో’ అనే జాతీయ దుస్తు ధరించి ఉన్నాడు. “రండి సార్ లా, సామాను ఇవ్వండి లా” అన్నాడు హిందీలో. ఆ ‘లా’ ఏమిటా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కొంత దూరం పోయాక అర్థమైనది. అది జోంఖా భాషలో గౌరవ సూచకం. ఏ భాష మాట్లాడినా వాక్యం చివర దానిని చేర్చకుండా ఉండలేరు. ఆంగ్లంలో చెప్పడానికి వీలులేదని నేను ఇన్నాళ్ళుగా విచారిస్తూ వచ్చిన మన ‘అండీ’ ఇక్కడ ఆంగ్ల వాక్యానికి కూడా అతికిపోయి వినిపించింది.

పారో: కాలిన గూడు

పారో లోయ సముద్రమట్టానికి ఏడువేల అడుగుల పైన ఉన్నది. విమానంలో వచ్చేవారు సాధారణంగా దిగేది ఇక్కడే. కోతలు పూర్తయిన పొలాలు, నది ఒడ్డున విల్లో చెట్లు, ఇళ్ళ కప్పుల మీద ఎండబెట్టిన ఎర్రని మిరపకాయలు. భూటాన్‌లో మిరప కారం కోసం వాడే దినుసు కాదు, అదే కూర. జున్ను వేసి మిరపకాయలను ఉడికించిన ‘ఎమా దాత్షీ’ వారి నిత్యభోజనం. గుంటూరు సీమ వాడిననే గర్వంతో మొదటి రోజు రెండవసారి వడ్డించుకున్నాను. మరునాడు అంత గర్వం మిగలలేదు.

పారోలో అందరూ చూడగోరేది తక్త్‌సాంగ్, అంటే ‘పులి గుహ’. లోయకు సుమారు మూడువేల అడుగుల ఎత్తున, నిట్టనిలువు కొండచరియకు అతుక్కొని ఉన్న ఆశ్రమం అది. ఎనిమిదవ శతాబ్దిలో గురు పద్మసంభవుడు ఆడపులిపై ఎగిరి వచ్చి ఇక్కడి గుహలో ధ్యానం చేశాడని వారి విశ్వాసం. 1692లో తెన్‌జిన్ రబ్‌గ్యే ఇక్కడ ఆలయం నిర్మించాడు. దేవదారు, ఓక్ చెట్ల నీడలో మూడు గంటలు ఎక్కాలి. సగం దూరం గుర్రాలు దొరుకుతాయి గాని, యాత్రా ఫలం నడిచినవారికేనని డ్రైవరు నవ్వుతూ చెప్పాడు. నా మోకాళ్ళు అతని వాదాన్ని అంగీకరించలేదు.

పైకి చేరి గోడలను తాకి చూస్తే తెలిసే సంగతి ఒకటున్నది. ఈ కట్టడం 1692 నాటిది కాదు. 1998 ఏప్రిల్ 19న అగ్నికి ఆహుతి అయినది. ఆనాటి రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ ఆజ్ఞపై మళ్ళీ కట్టడం ప్రారంభించి, 2005లో ప్రతిష్ఠ జరిపారు. కలప, రాయి అన్నీ ఆ చరియ మీదికి చేర్చి, పాత పద్ధతినే పాత రూపం నిలబెట్టారు. “ఇది కొత్తది కదా?” అని అక్కడ దీపం వెలిగిస్తున్న వృద్ధురాలిని డ్రైవరు ద్వారా అడిగించాను. ఆమె నా వంక జాలిగా చూచి, “గుహ పాతదే కదా లా” అన్నది.

లోయలోని క్యీచు ఆలయం మరింత ప్రాచీనం. ఏడవ శతాబ్దిలో టిబెట్ రాజు సోంగ్‌సెన్ గంపో ఒక మహారాక్షసిని నేలకు అదిమి ఉంచడానికి ఒకే దినాన 108 ఆలయాలు కట్టించాడనీ, అందులో ఇది ఆమె ఎడమ పాదం మీద ఉన్నదనీ గాథ. అక్కడ జపచక్రం తిప్పుతున్న ఒక భిక్షువు నాది ఏ ఊరని అడిగాడు. కృష్ణ ఒడ్డున అమరావతి దగ్గర అన్నాను. పేరు తెలియలేదు. ‘ధాన్యకటకం’ అనగానే ఆయన ముఖం విప్పారినది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించినది అక్కడేనని వారి సంప్రదాయం. ధాన్యకటకం అన్న పేరును టిబెట్ వారు ‘బియ్యపు రాశి’ అనే అర్థంలో ‘డ్రెపుంగ్’ అని అనువదించుకున్నారు. లాసా దగ్గరి సుప్రసిద్ధ మఠానికి ఆ పేరే పెట్టుకున్నారు. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర మహోత్సవం జరిపినప్పుడు తానూ వచ్చి కృష్ణలో చేతులు కడుక్కొన్నానని ఆ భిక్షువు చెప్పాడు. మా ఊరి పేరును నా పూర్వులకన్న ముందు ఎవరో అనువదించి హిమాలయాల ఆవల దాచారన్న సంగతి నాకు అంతవరకు స్ఫురించలేదు.

పునాఖా: రెండు నదుల కూడలి

థింపూ నుంచి తూర్పుగా పోతే గంట ప్రయాణంలో దోచులా కనుమ వస్తుంది. పదివేల అడుగుల ఎత్తు. తెరపి ఉన్న దినాన హిమాలయ శిఖరాలు వరుసగా కనబడతాయి. అక్కడి 108 స్తూపాల వెనుక మనతో సంబంధమున్న కథ ఉన్నది. అస్సాం, బెంగాల్ వేర్పాటువాద సాయుధులు భూటాన్ దక్షిణపు అడవులలో స్థావరాలు ఏర్పరచుకొనగా, 2003 డిసెంబరులో భూటాన్ సైన్యం వారిని వెళ్ళగొట్టింది. ఆ పోరులో మరణించినవారి స్మృతిచిహ్నం ఈ స్తూపాలు.

కనుమ దిగితే శీతోష్ణం మారిపోతుంది. పునాఖా నాలుగువేల అడుగుల ఎత్తుననే ఉన్నది. అరటి, నారింజ, వరి పండుతాయి. ఫో ఛూ, మో ఛూ, అంటే పురుష నది, స్త్రీ నది, కలిసే చోట పునాఖా జోంగ్ ఒక ఓడవలె నిలిచి ఉన్నది. జోంగ్ అంటే కోట, మఠం, కచేరీ మూడూ ఒకే ప్రాకారంలో ఉన్న కట్టడం. దేశాన్ని ఏకం చేసిన షబ్‌డ్రుంగ్ ఙవాంగ్ నామ్‌గ్యాల్ దీనిని 1637–38లో నిర్మించాడు. 1651లో ఆయన మరణించగా, దేశం చీలిపోతుందన్న భయంతో అర్ధశతాబ్దికి పైగా ఆ వార్తను దాచి, ఏకాంత ధ్యానంలో ఉన్నాడనే చెప్పారు. ఆయన దేహం నేటికీ ఇక్కడి ఆలయంలో భద్రంగా ఉన్నది. మొదటి రాజు ఉగ్యేన్ వాంగ్‌చుక్‌కు 1907 డిసెంబరు 17న పట్టాభిషేకం జరిగినది ఇక్కడే. ఇప్పటి రాజు జిగ్మే ఖేసర్ వివాహం 2011లో జరిగినదీ ఇక్కడే.

ఈ వైభవం వెనుక ఒక అపాయం పొంచి ఉన్నది. 1994 అక్టోబరు 7న ఎగువన హిమానీ నదుల నడుమ ఉన్న లుగ్గే సరస్సు గట్టు తెగినది. ఆ నీరు రాళ్ళను, చెట్లను దొర్లించుకుంటూ ఫో ఛూ వెంట వచ్చి పడినది. ఇరవై మందికి పైగా చనిపోయారు, జోంగ్‌లో కొంత భాగం దెబ్బతిన్నది. భూమి వేడెక్కేకొద్దీ మంచు కరిగి అటువంటి సరస్సులు పెరుగుతున్నాయి. అడవులు ఎన్నడూ అరవై శాతానికి తగ్గరాదని 2008 నాటి రాజ్యాంగంలోనే రాసుకొన్న దేశం ఇది. ఇప్పుడు అక్కడ సుమారు డెబ్బై శాతం అడవే. లోకపు పొగలో దాని వంతు ఎంత? వచ్చే వరదలో దాని వంతు ఎంత? ఆ ప్రశ్నకు నదీసంగమంలో జవాబు దొరకదు. ఎగువన నీరు పెరిగితే హెచ్చరించే యంత్రాలు మాత్రం ఇప్పుడు లోయ పొడుగునా ఉన్నాయి.

పునాఖాకు దిగువనే వాంగ్‌డూ జోంగ్. 1638లో కట్టిన ఆ కోట 2012 జూన్ 24న పూర్తిగా కాలిపోయినది. పదేళ్ళు కష్టపడి, భారత ప్రభుత్వ సహాయంతో మళ్ళీ కట్టి, 2022 నవంబరులో ప్రతిష్ఠించారు. మా డ్రైవరుది ఆ జిల్లాయే. అతని తండ్రి వడ్రంగి. తొమ్మిదేళ్ళు ఆ జోంగ్‌లో పనిచేశాడు. కారు ఆపి ఒక కిటికీ వంక చూపుతూ, “దాని చెక్కడం మా నాయనది సార్ లా. నేను పనిముట్లు అందించేవాడిని” అన్నాడు. “నీవు ఆ పని నేర్చుకున్నావా?” అని అడిగాను. అతడు జవాబు చెప్పలేదు.

ఫోబ్జిఖా: కొంగల కోసం

ఫోబ్జిఖా లోయ సుమారు తొమ్మిదిన్నర వేల అడుగుల ఎత్తున, పళ్ళెం వలె పరచుకొని ఉన్నది. అంచున 1613లో స్థాపించిన గాంగ్‌టే మఠం, అడుగున తేమనేల. ప్రతి ఏడు అక్టోబరు చివరిలో టిబెట్ పీఠభూమి నుంచి నల్లమెడ కొంగలు వందల సంఖ్యలో వచ్చి, శీతకాలం ఇక్కడ గడిపి, ఫిబ్రవరి, మార్చి మాసాలలో తిరిగి వెళ్ళిపోతాయి. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు మఠానికి మూడుసార్లు ప్రదక్షిణం చేస్తాయని ఊరివారి నమ్మకం. 1998 నుంచి నవంబరు 11న మఠ ప్రాంగణంలో కొంగల పండుగ జరుపుతున్నారు.

లోయలో ఎక్కడా విద్యుత్ స్తంభాలు కనబడవు. కొంగలు తీగలకు తగిలి చనిపోతాయని తీగలన్నిటినీ భూమిలో వేశారు. కరెంటు వచ్చేవరకు ఊరివారు ఆలస్యం సహించారు. కాని ఇక్కడి రైతు బ్రతుకు బంగాళాదుంప మీద ఆధారపడి ఉన్నది. ఆ పంట లారీలలో ఫుంషోలింగ్ వేలంపాటకు పోయి, అక్కడినుంచి మన బజారులకు వస్తుంది. దుంపకు నేల కావాలి, కొంగకూ నేల కావాలి. నేను బస చేసిన ఇంటి యజమానురాలు పొయ్యి దగ్గర కూర్చుని, “అడవిపందులు పంట తింటే కోపం వస్తుంది. కొంగలు తింటే రాదు. అవి వచ్చిన ఏడు పంట బాగుంటుంది” అన్నది. ఇందులో ఎంత నమ్మకమో, ఎంత సర్దుబాటో నేను తేల్చుకోలేకపోయాను. తెల్లవారుజామున మంచు పొరలో వాటి కూత విన్నాను. బాకా ఊదినట్లుండే ఆ ధ్వని విన్నవారు సర్దుబాటు ఎందుకు చేసుకుంటారో కొంత అర్థమవుతుంది.

ట్రోంగ్సా, బుమ్‌థాంగ్

పేలేలా కనుమ దాటి తూర్పుకు పోతే ట్రోంగ్సా జోంగ్. లోయకు ఆవలి వైపు నుంచి అది ఎదురుగానే కనబడుతుంది. కాని కొండ చుట్టూ తిరిగి చేరడానికి చాలా సమయం పడుతుంది. పూర్వం తూర్పు పడమరల నడుమ కాలిబాట ఈ కోట లోపలి నుంచే పోయేది. తలుపులు మూస్తే దేశం రెండు ముక్కలు. అందుకే ఇక్కడి పాలకుడు బలవంతుడైనాడు, ఆ వంశమే రాజవంశమైనది. నేటికీ యువరాజు ముందుగా ట్రోంగ్సా అధిపతి పదవి స్వీకరిస్తాడు. పడమటి హా నుంచి తూర్పున త్రాషిగాంగ్ వరకు 403 కిలోమీటర్ల ఆ ప్రాచీన కాలిబాటను బాగుచేసి 2022లో మళ్ళీ తెరిచారు.

బుమ్‌థాంగ్ నాలుగు లోయల సీమ. ఇక్కడ వరికన్న బక్‌వీట్ ధాన్యం ఎక్కువ. దాని పిండితో చేసిన సేమ్యాల వంటి వంటకం, స్థానికపు జున్ను రుచి చూడదగినవి. జంబే ఆలయం క్యీచుకు జంట. రాక్షసి ఎడమ మోకాలు ఇక్కడ అంటారు. కుర్జే ఆలయంలో పద్మసంభవుని దేహపు అచ్చు రాతిపై ఉన్నదని పూజిస్తారు. 1450లో జన్మించిన పెమా లింగ్‌పా ఈ సీమవాడే. వెలుగుతున్న దీపం చేతబట్టుకొని అతడు మునిగి, దీపం ఆరకుండానే పవిత్ర నిధులతో పైకి వచ్చిన చోటు ‘మేబార్ త్సో’, మండే సరస్సు. నిజానికి అది సరస్సు కాదు, ఇరుకు రాళ్ళ నడుమ నది సుడి తిరిగే మడుగు. గట్టున ఎవరో వెలిగించిన దీపాలు గాలికి ఆరిపోతుంటే, మరెవరో వచ్చి వెలిగించి పోతున్నారు.

వెళ్ళేవారు, మిగిలేవారు

‘జాతీయ ఆనందం’ అన్న మాటకు భూటాన్ ప్రసిద్ధి. ఆ మాటతోనే కథ ముగించడం న్యాయం కాదు. 1990 ప్రాంతాన దక్షిణ భూటాన్ నుంచి నేపాలీ మాట్లాడే ప్రజలు వేల సంఖ్యలో దేశం విడిచి పోవలసివచ్చినది. లక్షకు పైగా నేపాల్ శిబిరాలలో సంవత్సరాల తరబడి గడిపి, 2007 తరువాత ఎక్కువమంది అమెరికా తదితర దేశాలలో స్థిరపడ్డారు. ఒక చిన్న జాతి తన రూపం నిలుపుకోవాలన్న ఆరాటం ఇతరులకు ఎంత కఠినం కాగలదో ఆ అధ్యాయం చెపుతుంది. ఇప్పుడు వెళ్ళేవారు వేరు. చదువుకున్న యువతీయువకులు తమ ఇష్టంతో ఆస్ట్రేలియా వంటి దేశాలకు తరలిపోతున్నారు.

తిరుగు ప్రయాణంలో వాంగ్‌డూ దాటుతుండగా మా డ్రైవరు నా పాత ప్రశ్నకు జవాబు చెప్పాడు. అతని భార్య పెర్త్ నగరంలో చదువుతున్నది. అతని వీసా కాగితాలు పోయాయి. “అక్కడ మూడేళ్ళు పనిచేస్తే ఇల్లు కట్టుకోవచ్చు సార్ లా. చెక్కడం పనికి ఎంత వస్తుంది?” అన్నాడు. కొంచెం సేపటికి, “నాయన తన ఉలులకు నూనె రాసి పెట్టాడు. పారవేయలేదు” అన్నాడు. అతనికి నేను చెప్పదగిన మాట ఏదీ తోచలేదు. మన పల్లెల నుంచి అమెరికా పోయిన పిల్లల తండ్రులను ఎరిగినవాడిని.

తక్త్‌సాంగ్ కాలింది, కట్టారు. పునాఖా మునిగింది, బాగుచేశారు. వాంగ్‌డూ బూడిదైనది, లేపారు. ఈ దేశపు ప్రాచీనత రాళ్ళలో లేదు, మళ్ళీ కట్టగల చేతులలో ఉన్నది. ఆ చేతులు ఉండటమే ఇప్పుడు ప్రశ్న.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. మనవారికి పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని చాలు. అభివృద్ధి రుసుము రాత్రికి 1,200 రూపాయలు. ఇతర విదేశీయులకు దానిని 2022లో 200 డాలర్లు చేసి, 2023లో 100కు తగ్గించారు. వారి నాణెం ఙుల్‌ట్రమ్ మన రూపాయితో సమానం. మార్చి నుంచి మే, అక్టోబరు నుంచి నవంబరు ప్రయాణానికి అనువైన కాలం. వానకాలంలో కొండచరియలు విరిగిపడతాయి. బుమ్‌థాంగ్ వరకు పోవాలంటే పది దినాలైనా ఉంచుకోండి. కొండదారిలో దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటలలో లెక్కించండి.

ఫుంషోలింగ్ తోరణం వద్ద డ్రైవరు నా పెట్టె అందించి, రెండు చేతులతో నమస్కరించాడు. “మళ్ళీ రండి లా” అన్నాడు. “నీవు ఉంటావా?” అన్నాను. “నాయన ఉంటాడు” అన్నాడు. తోరణం దాటగానే హారన్ల మోత మొదలైనది.